క్యాంపర్ వ్యాన్ వెనక సైకిల్ ర్యాక్ బిగించడం: తూకం నుంచి చివరి బోల్టు దాకా

ఫియాట్ డుకాటో వ్యాన్ వెనక డోర్‌కి బిగించే సైకిల్ ర్యాక్‌లలో చాలావాటి పరిమితి 35 కిలోల దగ్గరే ఆగిపోతుంది. ఇప్పుడొస్తున్న ఎలక్ట్రిక్ సైకిల్ ఒక్కటే 23 నుంచి 28 కిలోలు తూగుతుంది. ఇంట్లో ఇద్దరికీ చెరొకటి ఉంటే, ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఆ డోర్ ర్యాక్ మీకు పనికిరాదు. ర్యాక్ ఇంటికి వచ్చి, డోర్‌కి రంధ్రాలు కూడా వేసేశాక ఈ సంగతి గమనించేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకే ముందు తూకం గురించి మాట్లాడుకుందాం. డ్రిల్ సంగతి తర్వాత.

జర్మనీలోనో, యూకేలోనో ఉంటూ వేసవి సెలవులకి పిల్లల్ని, సైకిళ్ళని వేసుకుని బయల్దేరే తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఉదాహరణగా 6 మీటర్ల డుకాటోని తీసుకున్నాను, ఎందుకంటే యూరప్‌లో క్యాంపర్లుగా, అంటే లోపలే వండుకుని పడుకునే బండ్లుగా, మారే వ్యాన్‌లలో ఎక్కువ కనిపించేది అదే. ప్యూజో బాక్సర్, సిట్రోయెన్ జంపర్ (యూకేలో దాని పేరు రిలే) కూడా అదే బాడీతో వస్తాయి కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ వాటికీ వర్తిస్తాయి.

ముందు తూకం

యూరప్‌లో బి కేటగిరీ లైసెన్స్‌తో నడపగలిగే బండి మొత్తం బరువు 3,500 కిలోలు. ఇక్కడికి వచ్చాక లైసెన్స్ తీసుకున్న మనవాళ్ళలో ఎక్కువమంది దగ్గర ఉండేది ఆ కేటగిరీయే. మంచాలు, వంటగట్టు, ఫ్రిజ్, హీటర్ అన్నీ బిగించిన 6 మీటర్ల క్యాంపర్ ఖాళీగానే మూడు టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. మిగిలిన ఆ కాస్తలోనే మనుషులు, బట్టలు, వంద లీటర్ల నీళ్ళు, గ్యాస్ సిలిండర్, బియ్యం, పచ్చళ్ళు, ఆపైన సైకిళ్ళు పట్టాలి. కాబట్టి ర్యాక్, సైకిళ్ళు తప్ప ప్రయాణానికి సర్దినట్టే అన్నీ సర్ది, మనుషులందరూ కూర్చుని, లారీలు తూచే కాటా మీద ఒకసారి బండిని తూయించండి. ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా, తర్వాత మొత్తం. ఇలా మూడు అంకెలు తీసుకోండి.

విడివిడిగా ఎందుకంటే, బండి వెనక తగిలించిన బరువు దాని అసలు బరువు కంటే ఎక్కువగా వెనక యాక్సిల్ (రెండు వెనక చక్రాలని కలిపే ఇరుసు) మీద పడుతుంది. పొడుగాటి కర్ర చివర బిందె తగిలించి భుజాన మోస్తే భుజానికి తెలిసే బరువు లాంటిదే ఇది కూడా.

లెక్క వేసి చూద్దాం. 6 మీటర్ల డుకాటోలో ముందు, వెనక యాక్సిళ్ళ మధ్య దూరం 4.035 మీటర్లు. వెనక యాక్సిల్ నుంచి బంపర్ దాకా సుమారు ఒక మీటరు. బండికి బయట ఉండే ర్యాక్, సైకిళ్ళ బరువు మధ్యబిందువు యాక్సిల్‌కి 1.5 మీటర్ల వెనక ఉందనుకోండి. ర్యాక్ 20 కిలోలు, రెండు ఎలక్ట్రిక్ సైకిళ్ళు 50 కిలోలు, మొత్తం 70.

70 ని (4.035 + 1.5) తో గుణించి 4.035 తో భాగిస్తే 96 వస్తుంది.

అంటే మీరు పెట్టింది 70 కిలోలే, వెనక యాక్సిల్ మోసేది మాత్రం 96. మిగతా 26 కిలోలు ముందు చక్రాల మీద నుంచి ఎగిరిపోయినట్టే. డుకాటోకి ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే. తడి గడ్డి మీద క్యాంప్‌సైట్ నుంచి బయటికి తీస్తున్నప్పుడు, వానలో ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆ 26 కిలోల లోటు స్టీరింగ్‌లో తెలుస్తుంది. వెనక యాక్సిల్ ఎంత మోయగలదో బండికి తయారీదారు బిగించిన బరువుల ప్లేట్ మీద (నంబర్ ప్లేట్ కాదు) రాసి ఉంటుంది. కాటా మీద వచ్చిన వెనక చక్రాల అంకెకి ఈ 96 కలిపి ఆ పరిమితితో పోల్చండి. దాటితే ర్యాక్ మార్చినా లాభం లేదు, లోపలి సామానే తగ్గించాలి. వెనక మంచం కింద పెట్టిన బరువైన పెట్టెలు ముందుకి జరిపినా కొంత కలిసొస్తుంది.

సైకిళ్ళని కూడా ఇంట్లోనే తూయండి. బాత్రూమ్ తూకం మీద మీరు సైకిల్ ఎత్తుకుని నిలబడి, మీ బరువు తీసేస్తే సరిపోతుంది. కంపెనీ చెప్పిన బరువుని నమ్ముకోవద్దు. స్టాండు, తాళం, మడ్‌గార్డులు, పిల్లల సీటు అందులో కలిసి ఉండకపోవచ్చు.

మీ బండికి ఏ రకం

డుకాటోలాంటి వ్యాన్‌కి వెనక రెండు రెక్కల తలుపులు ఉంటాయి. ఫోక్స్‌వ్యాగన్ టి5, టి6 క్యాంపర్లలో చాలావాటికి పైకి లేచే ఒకే పెద్ద డోర్ ఉంటుంది. ఒకదాని ర్యాక్ ఇంకోదానికి సరిపోదు. కొనేటప్పుడు మోడల్ పేరొక్కటే చాలదు. తయారైన సంవత్సరం, తలుపు రకం, పైకప్పు ఎత్తు, టి5, టి6 అయితే డోర్ పైన స్పాయిలర్ ఉందో లేదో కూడా చూసుకోవాలి.

పైకి లేచే డోర్‌కి తగిలించిన ర్యాక్‌తో ఒక చిక్కుంది. సైకిళ్ళు పెట్టి ఉండగా డోర్ ఎత్తితే దాన్ని నిలబెట్టే గ్యాస్ రాడ్లు ఆ బరువు మోయలేవు, డోర్ కిందున్నవాళ్ళ మీద పడొచ్చు. ముందు సైకిళ్ళు దించి, తర్వాతే డోర్ తీయాలి. పిల్లలు చుట్టుపక్కల ఆడుతుంటే ఇది మరీ ముఖ్యం.

డబ్బాలా కట్టిన పెద్ద మోటర్‌హోమ్‌లకి వెనక తలుపులే ఉండవు, గోడే ఉంటుంది. వాటికి ర్యాక్‌ని నేరుగా గోడకే బోల్టులతో బిగిస్తారు. ఇక మూడో దారి టోబార్, అంటే ట్రైలర్ లాగడానికి బండి కింద ఛాసిస్‌కి బిగించే ఇనుప దూలం. దాని చివర 50 మిల్లీమీటర్ల గుండు ఉంటుంది. దాని మీద కూర్చునే ర్యాక్‌లు వేరే దొరుకుతాయి.

రెండు మామూలు సైకిళ్ళు, పిల్లల సైకిళ్ళు అయితే డోర్ ర్యాక్ చాలు. ఎలక్ట్రిక్ సైకిళ్ళు రెండు ఉంటే మాత్రం నా ఓటు టోబార్‌కే. అవును, ఖర్చు ఎక్కువే, టోబార్ వేయించడానికే ర్యాక్ ఖరీదుని మించి అవుతుంది. అయినా బరువంతా తలుపు రేకు మీద కాకుండా ఛాసిస్ మీద పడుతుంది. 25 కిలోల సైకిల్‌ని భుజం ఎత్తుకి లేపే అవసరం ఉండదు, నడుము ఎత్తులోనే పని అయిపోతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి ఈ ఒక్క కారణం చాలు.

వెనక తలుపుకి బిగించడం

కొన్ని డోర్ ర్యాక్‌లు తలుపు అంచులకి, కీళ్ళకి పట్టుకుంటాయి, రంధ్రాలు అక్కర్లేదు. అలాంటిది దొరికితే అదే తీసుకోండి. బిగించే ముందు ఇనుము తగిలే ప్రతిచోటా పెయింట్‌ని సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడిచి, పారదర్శకంగా ఉండే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ అతికించండి. హుక్కుకీ రేకుకీ మధ్య చిక్కుకున్న ఒక్క ఇసుక రేణువు వేల కిలోమీటర్ల కుదుపులకి పెయింట్‌ని ఇనుము దాకా అరగదీస్తుంది.

రంధ్రాలు తప్పనిసరి అయితే పని ఇలా సాగుతుంది.

లోపలి వైపు ప్లాస్టిక్ ప్యానెల్ ఊడదీయండి. క్లిప్పులు విరగకుండా ఉండాలంటే ప్లాస్టిక్ పట్టీతో నెమ్మదిగా లేపాలి, స్క్రూడ్రైవర్ వద్దు. లోపల రివర్స్ కెమెరా వైరు, అద్దం వేడెక్కించే వైరు, సెంట్రల్ లాక్ మోటర్, లాక్ కడ్డీలు ఎక్కడెక్కడ వెళ్తున్నాయో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. వ్యాన్‌ని క్యాంపర్‌గా మార్చినవాళ్ళు లోపల ఇన్సులేషన్ వెనక అదనపు వైర్లు లాగి ఉండొచ్చు, దాన్ని కూడా పక్కకి తీసి చూడండి.

ర్యాక్‌ని తలుపు మీద పెట్టి, ఇంకొకరు పట్టుకోగా, రంధ్రాల స్థానం మాస్కింగ్ టేపు మీద గుర్తు పెట్టండి. ఇప్పుడే డ్రిల్ తీయకండి. నంబర్ ప్లేట్, బ్రేక్ లైటు, తలుపు హ్యాండిల్, వైపర్ ఏవైనా అడ్డుపడుతున్నాయా, రెండో తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా, సైకిల్ హ్యాండిల్ అద్దానికి తగులుతుందా అన్నీ చూడండి. ఒక సైకిల్‌ని నిజంగానే ఎత్తి పెట్టి చూడటం మంచిది.

మొదట 3 మిల్లీమీటర్ల బిట్‌తో చిన్న రంధ్రం. బిట్ చుట్టూ టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుంటే అది రేకు దాటి లోపలి వైర్లలోకి దూసుకుపోదు. తర్వాత బోల్టు సైజు దాకా పెంచుతూ పోండి. అంచుల్లో గరుకుని ఆకురాయితో తీసేయండి. కోసిన చోట ఇనుము పచ్చిగా మెరుస్తూ కనిపిస్తుంది. దానికి తుప్పు పట్టనివ్వని ప్రైమర్, పైన టచప్ పెయింట్ వేసి ఆరనివ్వండి. ఈ అరగంట ఓపిక లేకే చాలా తలుపులు నాలుగైదేళ్ళకి రంధ్రాల చుట్టూ తుప్పు పట్టి ఉబ్బుతాయి. తలుపు అడుగున పడ్డ ఇనుప రజను వ్యాక్యూమ్‌తో మొత్తం లాగేయాలి, అది ఉన్నచోటల్లా తుప్పు మొదలవుతుంది.

బోల్టుకి లోపలి వైపు చిన్న వాషర్ సరిపోదు. ర్యాక్‌తో వచ్చిన వెడల్పాటి ప్లేట్ పెట్టండి, బరువు పరుచుకుంటుంది. బయట రంధ్రం చుట్టూ నీళ్ళు దిగకుండా ఆపే సీలెంట్, లోపల నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు. టార్క్ రెంచ్‌ని (ఎంత బలంతో బిగించాలో ముందే పెట్టుకునే పానా) ర్యాక్ కాగితంలో రాసిన అంకెకి పెట్టి బిగించండి. చేతి బలం చూపిస్తే తలుపు రేకు లోపలికి సొట్టపడుతుంది, ఆ సొట్టలో నీళ్ళు నిలుస్తాయి.

మోటర్‌హోమ్ గోడకి బిగించడం

ఇక్కడ తప్పు జరిగితే నష్టం చాలా పెద్దది. బోల్టు పక్క నుంచి దిగిన నీరు గోడ లోపల నెలల తరబడి కనిపించకుండా నాని, చివరికి చెక్కని కుళ్ళబెడుతుంది.

ఈ గోడ మూడు పొరలు. బయట పల్చటి అల్యూమినియం లేదా ఫైబర్‌గ్లాస్, మధ్యలో ఫోమ్, లోపల ప్లైవుడ్. ఫోమ్‌కి బోల్టు ఒత్తిడి తట్టుకునే బలం ఉండదు. కొన్ని మోటర్‌హోమ్‌లలో తయారీదారులే ర్యాక్ వచ్చే చోట గోడ లోపల చెక్క దిమ్మెలు పెట్టి ఉంచుతారు. అవి ఎక్కడున్నాయో బండి కంపెనీకి ఛాసిస్ నంబర్ చెప్పి రాతపూర్వకంగా అడగండి. గోడని తట్టి శబ్దంతో కనిపెట్టొచ్చని కొందరంటారు, నేనైతే దాని మీద ఆధారపడను.

చెక్క లేని చోట బోల్టు వేయక తప్పకపోతే గోడ మందానికి సరిగ్గా సమానంగా కోసిన లోహపు గొట్టం కావాలి. బోల్టు ఆ గొట్టంలోంచి వెళ్తుంది. నట్టు బిగించినప్పుడు ఒత్తిడి గొట్టం తీసుకుంటుంది, ఫోమ్ నలగదు. గొట్టం ఒక మిల్లీమీటరు పొట్టిగా ఉన్నా గోడ లోపలికి వంగుతుంది, పొడుగైతే సీలెంట్ సరిగ్గా అదమదు. అందుకే మొదటి రంధ్రంలోంచి మందం కొలిచి, ఆ తర్వాతే గొట్టాలు కోయించండి. లోపలి వైపు అరచేతి వెడల్పు ప్లేట్ పెట్టాలి.

సీలెంట్ విషయంలో రాజీ పడొద్దు. బాత్రూమ్‌లో వాడే, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఇక్కడ పనికిరాదు. అది లోహాన్ని తినేస్తుంది, పైగా తర్వాత ఇంకే సీలెంటూ దాని మీద అంటుకోదు. క్యారవాన్‌ల కోసం చేసిన పాలీయురిథేన్ సీలెంట్ గానీ, ఎప్పటికీ మెత్తగా ఉండే బ్యూటైల్ గానీ వాడండి. మళ్ళీ ఊడదీయాల్సి రావచ్చు కాబట్టి నాకు బ్యూటైలే నచ్చుతుంది.

బ్యూటైల్‌ని రంధ్రం చుట్టూ, బోల్టు తల కింద, రంధ్రం లోపలా పెట్టండి. నట్టుని నెమ్మదిగా బిగిస్తుంటే బ్రాకెట్ చుట్టూ సన్నటి తీగలా బయటికి పొంగుతుంది. అది చుట్టూ తెగకుండా, అన్నివైపులా సమానంగా రావాలి. ఒకవైపు రాకపోతే అక్కడ ఖాళీ ఉన్నట్టే, విప్పి మళ్ళీ పెట్టండి. అక్కడితో ఆగిపోయి మర్నాడు మళ్ళీ కొంచెం బిగించాలి, ఎందుకంటే రాత్రంతా బ్యూటైల్ ఇంకాస్త పరుచుకుని నట్టు వదులవుతుంది. చలిలో ఈ పని చేయకండి, గట్టిపడ్డ బ్యూటైల్ మూలలకి పాకదు.

అల్యూమినియం గోడకి స్టీల్ బోల్టు నేరుగా తగిలి తడి చేరితే అల్యూమినియం తెల్లగా పొడి పొడిగా రాలుతుంది. మధ్యలో ప్లాస్టిక్ వాషర్ పెడితే చాలు.

ఏడాదికోసారి లోపలి ప్లైవుడ్‌ని బోల్టుల దగ్గర తేమ మీటర్‌తో చూడండి. మీటర్ పెద్ద ఖరీదు కాదు. మొదటిరోజే కొలిచి రాసిపెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడానికి ఒక లెక్క ఉంటుంది.

టోబార్ ర్యాక్

బిగించడం సులువే. చూసుకోవాల్సిన అంకె మాత్రం ఒకటుంది. టోబార్ ప్లేట్ మీద ఎస్ అనే అక్షరం పక్కన కిలోలు రాసి ఉంటాయి, 75 అనో 100 అనో. గుండు మీద నిలువుగా పడగలిగే బరువు అది. ర్యాక్, సైకిళ్ళు కలిపి దాన్ని దాటకూడదు. ర్యాక్ 60 కిలోల సైకిళ్ళు మోస్తానన్నా, టోబార్ 75 దగ్గర ఆగితే, 20 కిలోల ర్యాక్ పోను మీకు మిగిలేది 55 మాత్రమే.

గుండు మీద గ్రీజు ఉంటే పూర్తిగా తుడిచేయండి. ట్రైలర్‌కి గ్రీజు మంచిదే గానీ, ర్యాక్ నిలబడేది రాపిడి వల్లే. లివర్ కిందికి నొక్కి బిగించాక ర్యాక్‌ని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపండి. బండి ఊగాలి, గుండు మీద ర్యాక్ కదలకూడదు. కదిలితే కాగితంలో చెప్పినట్టు బిగింపు సవరించండి. లైట్ల ప్లగ్ 13 పిన్నులది. పాత బండికి 7 పిన్నుల సాకెట్ ఉంటే మధ్యలో అడాప్టర్ పెట్టాలి.

ఇక్కడ డుకాటోవాళ్ళు ఒకటి మర్చిపోతారు. ర్యాక్ వెనక్కి వంగినా, వ్యాన్ రెక్కల తలుపులు పక్కకి తెరుచుకోవడానికి అది చాలకపోవచ్చు. అలాంటప్పుడు మొత్తం పక్కకి తిరిగే రకం ర్యాక్ తీసుకోవాలి. సైలెన్సర్ గొట్టం ఎటువైపు చూస్తోందో కూడా చూడండి, వేడి గాలి నేరుగా సైకిల్ టైరుకి తగలకూడదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక్కమాట. అక్కడ గుండుకి బదులు ఎక్కువగా 2 అంగుళాల చదరపు రిసీవర్, అంటే ర్యాక్ దూర్చే గొట్టం, ఉంటుంది. డుకాటో అక్కడ రామ్ ప్రోమాస్టర్ పేరుతో దొరుకుతుంది. కారుకి బాగా పనిచేసే ర్యాక్‌లలో చాలావాటిని పొడుగాటి ఆర్‌వీల (క్యాంపర్లు, మోటర్‌హోమ్‌లకి అక్కడి పేరు) వెనకా, లాగే ట్రెయిలర్ల వెనకా వాడొద్దని తయారీదారులే రాస్తారు. తోక ఎక్కువ ఎగిరి పడుతుంది కాబట్టి అక్కడ ఆర్‌వీకి పనికొస్తుందని స్పష్టంగా రాసిన ర్యాకే కావాలి.

సైకిళ్ళు ఎక్కించడం

బరువైన సైకిల్ బండికి దగ్గరగా, తేలికైనది బయటికి. ఒకటి ఎడమకి, ఇంకొకటి కుడికి తిప్పి పెడితే హ్యాండిళ్ళు ఒకదానికొకటి తగలవు. బ్యాటరీ తీసి బండిలో పెట్టుకోండి. ఒక్కోదానికి మూడు కిలోల దాకా తగ్గుతుంది, ర్యాక్‌కి సాయం. బ్యాటరీ తీసిన చోట కనెక్టర్‌లోకి వాన నీరు దిగకుండా రబ్బరు మూత గానీ కవర్ గానీ కట్టండి. నీళ్ళ సీసా, గాలి పంపు, పిల్లల సీటు, బుట్ట అన్నీ లోపలికి.

కార్బన్ ఫ్రేమ్ అయితే ర్యాక్ క్లాంప్‌తో నేరుగా బిగించవద్దు. పైకి ఏమీ కనిపించకుండానే లోపల పగులు రావచ్చు. దానికి వేరే అడాప్టర్లు ఉన్నాయి.

ర్యాక్ పట్టీలకి తోడు, రెండు సైకిళ్ళనీ ర్యాక్‌నీ చుట్టి ఇంకొక గట్టి స్ట్రాప్ కట్టండి. ఒక క్లాంప్ విరిగినా సైకిల్ రోడ్డు మీద పడకుండా అదే ఆపుతుంది. ఆటోబాన్ మీద మన వెనక వచ్చే కుటుంబం అద్దానికి 25 కిలోల సైకిల్ ఎగిరి తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. స్ట్రాప్ చివర్లు వేలాడకుండా ముడేయండి, గాలికి కొట్టుకుని పెయింట్ పోతుంది.

సైకిళ్ళ మీద నిండుగా తొడిగే కవర్ అందంగానే ఉంటుంది గానీ, వేగంలో తెరచాపలా గాలిని పట్టి ర్యాక్‌ని గుంజుతుంది. మీ ర్యాక్ కాగితం ఒప్పుకుంటేనే వాడండి.

లైట్లు, నంబర్ ప్లేట్, ఎర్ర తెల్ల బోర్డు

వెనక లైట్లు గానీ నంబర్ ప్లేట్ గానీ ఏ కొంచెం కప్పబడినా ర్యాక్‌కి సొంత లైట్ల బోర్డు, దాని మీద ఇంకో నంబర్ ప్లేట్ కావాలి. జర్మనీలో ఈ అదనపు ప్లేట్‌కి అధికారిక ముద్ర అక్కర్లేదు, అదే సైజు అసలైన ప్లేట్ చేయించుకుంటే చాలు. అట్టముక్క మీద చేత్తో రాసి తగిలించడం మాత్రం చెల్లదు. యూకేలో ప్లేట్ కనిపించకపోతే జరిమానా 1,000 పౌండ్ల దాకా ఉండొచ్చు.

ఇటలీ, స్పెయిన్ వెళ్తే బండి వెనక్కి పొడుచుకొచ్చిన సామానుకి 50 సెంటీమీటర్ల చదరపు ఎర్ర తెల్ల చారల బోర్డు తప్పనిసరి. రెండు దేశాల బోర్డులు పైకి ఒకేలా కనిపించినా చారల లెక్క, ఆమోదం వేరు. ఏ దేశం వెళ్తున్నారో ఆ దేశపు ఆమోదం ఉన్నదే కొనండి. సైకిల్ చక్రాలకి వదులుగా వేలాడదీయకుండా నాలుగు మూలలా కట్టాలి.

మొదటి యాభై కిలోమీటర్లు

కొత్తగా బిగించిన ర్యాక్‌తో నేరుగా ఆల్ప్స్‌కి బయల్దేరవద్దు. ఊరి చుట్టుపక్కలే ఒకసారి తిరిగి, గతుకుల రోడ్డు కూడా చూసి, ఇంటికొచ్చి ప్రతి బోల్టునీ టార్క్ రెంచ్‌తో మళ్ళీ పరీక్షించండి. ప్రతి నట్టు మీదా, పక్క లోహం మీదా కలిపి పెయింట్ పెన్‌తో ఒక గీత గీయండి. నట్టు కాస్త తిరిగినా గీత విరిగినట్టు కనిపిస్తుంది, పెట్రోల్ బంకులో ఒక్క చూపుతో తెలుసుకోవచ్చు. వెనక టైర్ల గాలిని కూడా పెరిగిన బరువుకి తగ్గట్టు, తలుపు దగ్గరి స్టిక్కర్ చూసి సరిచేయండి. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివాళ్ళ కళ్ళల్లో పడకుండా, వాటి ఎత్తు సవరించే మీటతో కిందికి దించండి.

ఫెర్రీ టికెట్ బుక్ చేసేటప్పుడు ర్యాక్‌తో కలిపిన పొడవు రాయండి. 6 మీటర్ల బండి సైకిళ్ళతో 6.7 మీటర్లు దాటొచ్చు, అప్పుడు ఛార్జీ పై తరగతిలోకి వెళ్తుంది. రేవులో కొలతలో తేడా తేలితే అక్కడికక్కడ తేడా సొమ్ము కట్టమంటారు, ఆ రోజు పడవ నిండిపోయి ఉంటే ఎక్కించుకోకపోవచ్చు కూడా. సైకిళ్ళు పెట్టి ఉండగా, ముందు బంపర్ నుంచి, వెనక బంపర్ దగ్గర ఆగకుండా, బయటి సైకిల్ హ్యాండిల్ చివరి దాకా టేపుతో కొలిచి, ఆ అంకెని కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డు మీద అతికించుకోండి.